పుల్లమ్మ మలుపు కాడ ఒక్క గంట

ఎందుకంటావా సాజిదా… మీ తాత ఫోను ఒగసారి మోగుతానే ఎత్తి, అవతల ఎవరో ఏందో చూడకుండా "నేను నబీ రసూల్‌ను మాట్లాడతాండా" అని ఎందుకు అరిచేవాడంటే — చెవుడు కాదమ్మా. మీరంతా నగేవోళ్ళు గానీ చెవుడు కాదు. అన్నం తింటా ఉన్నా ఎంగిలి చేత్తోనే లేసేవాడు. మీ నాయన కువైటు నుంచి చేసే ఫోనుకే కాదు, రాంగు నంబరుకు కూడా అంతే. అది పుల్లమ్మ మలుపు కాడ పట్టుకున్న అలవాటు.

మొన్న నువ్వు ఫోను చేస్తే ఈ జేజి ఎత్తి పలకలేదని ఏడ్చినావంట. ఈడ నొక్కి మాట్లాడితే నీకు చేరతాదని మీ అమ్మ చూపించింది. చెప్తాండా, ఇను. ఆయన ఉంటే చెప్పనిచ్చేవాడు కాదు. ఇప్పుడు అడ్డం పడేదానికి ఎవరుండారు…

వేముల దాటి కొండల్లోకి పోతే ముగ్గురాయి గనులు, ముగ్గుపిండి మాదిరి తెల్లటి రాయి. మనకు కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు అవి. ఆ కొండకు నడుమ ఒక మలుపు. పొద్దుగూకినాక ఆ మలుపు కాడికి మనిషనేవాడు పోడు. ఎద్దులు కూడా ఆడికొచ్చి కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోయేవి. గాలి లేకపోయినా దుమ్ము లేస్తాదనేవోళ్ళు. ఆడమనిషి దగ్గు ఇనపడతాదనేవోళ్ళు.

ఆడనే పానం పోయింది పుల్లమ్మకు.

ప్రొద్దుటూరు గుడ్డల వ్యాపారి నాగేశ్వరయ్య శెట్టి ఆ గని గుత్తకు తీసుకొని, ఎగవ గని నుంచి దిగవ లారీల షెడ్డుదాకా పట్టాలేయించినాడు. ఎంత ఎడల్పు అనుకున్నావు? నేను ఒగ కాలు ఆ పట్టా మీద, ఒగ కాలు ఈ పట్టా మీద పెట్టి నిలబడేదాన్ని. జనం దాన్ని బుడ్డరైలు అనేవోళ్ళు. ఇంజిను లేదు, కూత లేదు. రాయి నింపిన ఇనుప తొట్లు వాలుకు వాటంతట అవే దిగేవి, ఎనక బ్రేకు కట్టె పట్టుకొని ఒక మనిషి. ఒట్టి తొట్లను దున్నపోతులు ఎగవకు లాగేవి.

ఆ బ్రేకు మనిషి చెన్నకేశవులు. జమ్మలమడుగు తట్టు మనిషి. పుల్లమ్మ ఆయప్ప పెండ్లామే. పట్టాల మీద చిందిన రాళ్ళు ఏరేది ఆమె పని.

ఒగ పొద్దు, దీపాలు పెట్టే యాళ. ఆఖరి తొట్టి దిగతాంది. బ్రేకు జారింది. మలుపు తిరిగితే — పట్టాల నడుమ పుల్లమ్మ, అటు తిరిగి వంగి ఉండాది.

"పుల్లా!" అని అరిచినాడు.

ఆమె తిరగలేదు.

ఎందుకు తిరగలేదో మా తట్టు ఎవర్ని అడిగినా చెప్తారు. చీకటి పడినాక ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకరాదు, తిరగరాదు. మూడు పిలుపులు ఇనాల. దెయ్యమైతే మూడోసారి పిలవదు. సాయిబులకైనా హిందువులకైనా ఈ మాట ఒకటే, ఉగ్గుపాలతో పోస్తారు. పుల్లమ్మ రెండో పిలుపు కోసం ఆగింది. రెండో పిలుపుకు యాళ యాడిది…

దాని తర్వాతనే శెట్టి ఫోన్లు తెప్పిచ్చినాడు. మద్రాసు నుంచి లారీలో వచ్చినాయి, యుద్ధంలో తెల్లోళ్ళు వాడి పారేసినవంట. మూడు కట్టె పెట్టెలు. పక్కన తిప్పే పిడి, పైన రెండు ఇత్తడి గిన్నెల గంట, దారానికి యాలాడే చెవిగొట్టం. ఒకటి ఎగవ గని కాడ, ఒకటి మలుపులో, ఒకటి దిగవ షెడ్డులో. తొట్టి కదిలేముందు పిడి తిప్పి చెప్పాల, దావ కాళీగా ఉండాదా లేదా అని.

వాటిని బిగించేదానికి వచ్చినోడే మీ తాత. ప్రొద్దుటూరు రేడియో అంగట్లో పని నేర్చినోడు. సన్నగా, గడకర్ర మాదిరి ఉండేవాడు. పట్టాల పక్కనే కట్టెలు పాతి, పింగాణీ బుడ్లు తగిలిచ్చి, కొండ పొడుగునా ఒక్క తీగ లాగినాడు. ప్రతి పెట్టె కాడ భూమిలోకి ఒక ఇనుప కడ్డీ దిగేసినాడు.

షెడ్డుకు కావలి మా నాయన అలీ అహ్మద్. మా అమ్మ లేదు. నాయనకు సంగటి కెలికి పెట్టుకుంటా నేనూ ఆ షెడ్డులోనే ఉంటి.

"ఏం పిల్లా, ఈ కడ్డీ మొదట్లో రోజూ రొన్ని నీళ్ళు పొయ్యి" అన్యాడు మీ తాత.

"చెట్టా ఏమన్నా? మొలకెత్తుతాదా?"

"నేల తడిగా ఉంటేనే మాట తేటగా వస్తాది. లేకుంటే నీ గొంతు కాకి గొంతు మాదిరి ఇనపడతాది."

"నా గొంతు ఇనమని నిన్ను ఎవరడిగినారు?"

అంటిని గానీ, నీళ్ళు రోజూ పోస్తి. ఆయన రోజూ వచ్చి తడి చూసి పోయేవాడు. మా నాయన బీడీ తాగుతా మా ఇద్దర్నీ చూస్తా ఉండేవాడు. ప్రొద్దుటూరు నుంచి ఆయన అమ్మ వచ్చి పిల్లను అడిగింది. నాయన ఊ అనలా, ఊహూ అనలా. "పని నిలబడనీ, చూస్తాం" అన్యాడు.

ఒగ సంగతి గుర్తు పెట్టుకో సాజిదా. ఆ పెట్టెల్లో సెల్లులుండేవి, సీసాలంత లావు. అవి ఉంటేనే మన మాట అవతలికి పోతాది. గంటకు మాత్రం సెల్లు పనిలేదు, పిడి తిప్పితే చాలు, తీగ మీదున్న గంటలన్నీ మోగుతాయి. మలుపులో పెట్టె ఉండేది తలుపు లేని గుడిసె. సెల్లులు ఎవరన్నా ఎత్తుకపోతారని పొద్దుగూకుతానే మీ తాత వాటిని పీకి, సంచిలో వేసుకొని ఊర్లో తన కొట్టానికి పోయేవాడు. ఎగవ గదికి తాళం. ఆ తాళంచెవి మా నాయన మొలతాడుకే. రాత్రయితే కొండ మీద ఒక్క నరపురుగు ఉండదు.

అట్లాంటిది… ఒగ రాత్రి.

ట్రింగ్.

ఒక్కసారి. అంతే.

నేను లేయబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. "కూచో" అన్యాడు గుసగుసగా. "ఒక్కటే కదా. ఇంకా రెండు రానీ."

రాలేదు.

మర్నాడు రాత్రీ అంతే. ఒక్క గంట. మల్ల లాంతరు ఒత్తి చిటపటమంటా ఉంటే అదొక్కటే చప్పుడు.

మాట దాచితే దాగుతాదా? వారం తిరగకముందే గని అంతా పాకింది. పుల్లమ్మకు గొంతు లేకపోయె, తీగ పట్టుకొని పిలుస్తాందని. ఆడోళ్ళు పనికి రామన్నారు. దున్నపోతుల మనిషి జీతం వద్దని పోయినాడు. ఒకరి మొగం ఒకరు చూసుకొని మాట్లాడేది మానుకున్నారు. ఎవురు తిప్పుతాండారు? పుల్లమ్మనా… లేక పుల్లమ్మ పేరు చెప్పి ఇంకెవరన్నానా?

శెట్టి ప్రొద్దుటూరు నుంచి కారేసుకొని దిగినాడు. చల్లగా మాట్లాడే మనిషి. అరిచేవాన్ని నమ్మచ్చు గానీ అట్లాంటోళ్ళను నమ్మలేము.

"ఏమప్పా రసూలూ, సెల్లు లేకుండా గంట మోగుతాదా?"

"మోగుతాది శెట్టిగారూ. పిడి తిప్పితే మోగుతాది."

"ఎవురూ తిప్పకుండా?"

"తిప్పకుండా మోగదు."

"అంటే మనిషే తిప్పినాడు." శెట్టి నగినాడు. "ఆ పెట్టె మర్మం తెలిసిన మనిషి ఈ కొండ మీద నువ్వొక్కడివే గదప్పా."

మీ తాత మొగం మాడిపోయింది.

"రాత్రిళ్ళు రాయి తరుగుతాంది" అన్యాడు శెట్టి. "కావలాయన బెదిరి షెడ్డు ఇడిచిపోతే ఎవరికి లాభమో నాకు తెలీదా? అమావాస్యలోపల ఆ తిప్పేటోన్ని తెచ్చి నా ముందర నిలబెట్టు. లేదంటే నిన్ను దొంగనే అంటా. ప్రొద్దుటూర్లో నీకు ఎవురూ పని ఇయ్యకుండా చేస్తా."

అదీ ఆయన మెడ మీద కత్తి. ఇంకో కత్తి మా ఇంట్లోనే నూరతాండారని ఆయనకు తెలీదు.

ఆ రాత్రి సంగటి ముద్ద ముందర పెట్టుకొని నాయన నా తట్టే చూస్తాండాడు.

"హజరా. అది దెయ్యమూ కాదు, దొంగా కాదు."

"మల్ల?"

"ఆ గంట నీకోసం."

"నాకోసమేంది నాయనా!"

"కడ్డీకి నీళ్ళు పోసేది నేర్పినాడు గదా. ఒక్క గంటంటే నాయన నిద్రపోయినాడా అని అడిగేదేమో. అది గూడా నేర్పినాడేమో."

నాకు నగాల్నో ఏడ్వాల్నో తెలీలా. "నాకేం తెలీదు, ఖురాను మీద ఒట్టు" అంటి.

"వాడే అని తేలిందా, ఈ సంబంధం తెగినట్టే. జమ్మలమడుగులో మీ అత్త కొడుకు ఉండాడు" అని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ రాత్రి గంట మోగుతానే — మూడు పిలుపులు లేవు ఏం లేవు — నాయన ఎగిరి చెవిగొట్టం ఎత్తినాడు. ఎత్తి గమ్మునుండాడు. పలికితే వాడు పెట్టేస్తాడు, గమ్మునుంటే నేననుకొని వాడే పేరు పెట్టి పిలుస్తాడు, దొరుకుతాడు. అదీ ఆయన ఎత్తు. కండ్లు నామీద, చెవి దాని మీద. బీడీల రొమ్ము ఆయనది… ఊపిరి తీస్తే పాత తిత్తి ఊదినట్టు గుర్‌ర్‌ర్ మంటా ఉండాది.

శానాసేపు ఇన్యాడు. పెట్టేసినాడు.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలా. దొంగనాకొడుకు. నేనని కనుక్కున్నాడు."

అప్పట్నుంచి రోజూ అంతే. ఒక్క గంట మోగేది, నాయన ఎత్తేది. ఈ తట్టు ఊపిరి, ఆ తట్టు ఏమీ లేదు. కానీ పెట్టేసినప్పుడల్లా నాయన మొగంలో అనుమానం కొంచెం కొంచెం భయమైతా ఉండాది. "ఎవరో ఉండారు హజరా… మాట లేదు గానీ, ఉండారు" అన్యాడు ఒకనాడు.

అమావాస్య దగ్గరకొచ్చింది. కడ్డీ కాడ తడి చూస్తా మీ తాత తల ఎత్తకుండా అన్యాడు, "ఈ రాత్రి నేను మలుపులో ఉంటా."

"నువ్వు ఆడ ఉండి గంట మోగిందంటే నువ్వే మోగిచ్చినావంటారు."

"అందుకే పట్టుకొని తీసకొస్తా."

"పట్టుకునేదానికి ఒళ్ళుంటే గదా దానికి" అంటి. ఆయన నగలేదు.

ఇంక ఆడ జరిగింది నేను చూసింది కాదు. ఆ రాత్రి ఆయన దిగొచ్చి మా నాయనకు చెప్తాంటే ఇన్నది.

బోర్లబడిన తొట్టి ఒకటి ఉండాది, దాని ఎనక కూచున్యాడంట. చుక్కల ఎలుతురు. ముగ్గురాయి దుమ్ము పడి గుట్టా పట్టాలూ చెట్లూ అన్నీ తెల్లగా, పాలు పోసినట్టు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు, సెల్లులు అందులోనే ఉండాయి. కీచురాయి కూడా అరవలేదంట…

అప్పుడు అడుగులు. చెప్పులు లేని అడుగులు.

ఎగవ నుంచి తెల్లటిది ఒకటి దిగతాంది. తల నుంచి కాళ్ళదాకా తెలుపు. మొగం తెలుపు. అది పట్టాల నడుమనే నడిచి, గుడిసెలోకి పోయి, పిడి ఒక్క చుట్టు తిప్పింది.

మీ తాత తొట్టి ఎనక ఇంకా కిందికి వంగినాడు. కలిమా చదువుకుంటాండాడు గానీ నడుమలో మరిసిపోతాండాడు.

గుడిసెలో నుంచి గొంతు. మగ గొంతు, శానా మెత్తగా.

"పుల్లా… పలికినావా…"

చెవిగొట్టం చెవికి ఆనిచ్చుకొని ఇన్యాడంట.

"ఈ పొద్దు ఊపిరి శానా ఎగపోస్తాందేమే… ఆడ గూడా దుమ్మేనా నీకు…"

"చెన్నకేశవన్నా" అన్యాడు మీ తాత.

తిరగలేదు.

"చెన్నకేశవన్నా."

తిరగలేదు.

"చెన్నకేశవన్నా!"

అప్పుడు తిరిగినాడు. ఒళ్ళంతా గని దుమ్ము, కండ్లొక్కటే నల్లగా. "మూడు తూర్లు పిలిచినావు. మనిషివే" అన్యాడు.

"రోజూ తిప్పేది నువ్వేనా అన్నా?"

"ఒక్కసారే తిప్పుతా రసూలూ. ఆ పొద్దు ఒక్కసారే పిలిస్తి గదా." చెవిగొట్టం రొమ్ముకు ఆనిచ్చుకున్నాడంట, పసిబిడ్డను పట్టుకున్నట్టు. "ఒక్క గంటకు బతికినోళ్ళెవరూ ఎత్తరు గదప్పా. అందరికీ భయమే. మొదట్లో ఎవురూ ఎత్తలా. మల్ల ఒగనాడు… ఎత్తింది. రోజూ ఎత్తుతాంది. మాట్లాడదు. కోపం పోలేదు. ఊపిరి మాత్రం ఇనపడతాది. పాపం, దుమ్ము రొమ్ములో పట్టేసింది."

మీ తాతకు అప్పుడు తెలిసింది, అది ఎవరి ఊపిరో.

గమ్మున దిగొస్తే ఆయప్ప ఆశ అట్లనే ఉంటాది. కానీ ఈయన దొంగవుతాడు, పిల్ల జమ్మలమడుగు పోతాది. గమ్మునుండలేకపాయె.

"అన్నా… అది పుల్లమ్మక్క కాదు. మా అలీ అహ్మద్ మామ. నేను పిల్లకోసం గంట కొడతాండానని అనుమానపడి, ఎత్తి గమ్మున ఇంటాండాడు. ఆయన పెట్టెలో సెల్లులుండాయి, ఆయన ఊపిరి నీకొస్తాది. ఈ పెట్టెలో సెల్లులు లేవు. నీ మాట ఆడికి పోదు."

చెన్నకేశవులు చెవిగొట్టాన్ని రొమ్ము మీంచి తీసి చూసినాడంట.

"బీడీల ఊపిరా అది."

"అవునన్నా."

"నేను చెప్పుకున్న మాటలు… ఒక్కటి గూడా పోలేదా?"

"పోలేదన్నా."

"బ్రేకు నేను వదల్లేదని చెప్పినా. అది గూడా పోలేదా?"

మీ తాత తల అడ్డంగా ఊపినాడు.

"సరే. పొద్దున్నే శెట్టి కాడికి నేనే వస్తా. నీకు మాట రానియ్యను. నువ్వు దిగప్పా, నేను రోంతసేపు ఉంటా."

"నాతో వచ్చెయ్యన్నా."

"పో అప్పా."

ఆయన షెడ్డుకు వచ్చి ఇదంతా చెప్తే మా నాయన నేల మీద కూలబడిపోయినాడు. "నా ఊపిరినా… యా అల్లా. పెండ్లాం ఊపిరనుకున్నాడా…" అని నెత్తి పట్టుకున్నాడు. "నిన్ను అనుమానపడితిని రసూలూ. పొద్దున్నే పోయి ఆయప్ప కాళ్ళు పట్టుకుంటా."

నేను లాంతరు ఒత్తి పెంచుతాండా.

ట్రింగ్.

ఒక్కసారి.

నాయన ఎనక్కు జరిగినాడు. మీ తాత మాత్రం ఒక్క దూకున పోయి ఎత్తినాడు. ఆయప్ప మల్ల మోసపోకూడదని, ఊపిరి కూడా తీయకముందే అరిచినాడు — "నేను నబీ రసూల్‌ను మాట్లాడతాండా!"

అదే మొదటిసారి ఆ మాట.

మల్ల గమ్మునైపోయినాడు. ఇంటాండాడు.

చెన్నకేశవులు మాట్లాడినా మాకు ఇనపడకూడదు గదా, ఆ పెట్టెలో సెల్లులు లేవు గదా… మల్ల ఏం ఇంటాండాడు ఈయన?

"ఏందిరా?" అన్యాడు నాయన. "పెట్టెయ్. ఏముంది ఆడ?"

మీ తాత చెవిగొట్టం తియ్యకుండానే, ఎడమ చేత్తో సంచిలో ఎతికినాడు. ఒక సెల్లు తీసి లాంతరు పక్కన పెట్టినాడు. ఇంకొకటి తీసి దాని పక్కన పెట్టినాడు. వాటినే చూస్తా ఇంటాండాడు.

మెల్లగా చెవిగొట్టం కొక్కేనికి తగిలిచ్చినాడు.

శెట్టి ముందర మా నాయనే సాక్ష్యం నిలబడి, మల్ల మాకు నిఖా చేసినాడు. ఏం ఇన్యావని నిఖా అయిన రాత్రి అడిగినా. మీ నాయన పుట్టినప్పుడు అడిగినా. మొన్న కడప ఆసుపత్రిలో, మూతికి ఆ గొట్టం పెట్టకముందు, చెవిలో అడిగినా. అరవై ఏండ్లకు పైగా ఒకటే జవాబు — "సెల్లులు నా సంచిలోనే ఉండె గదా హజరా." అంతకంటే మాట లేదు. ఇంక అడిగేదానికి మనిషే లేకపాయె.

ఆయన ఫోను నా దిండు కింద ఉండాది సాజిదా. మీ అమ్మ తీసేద్దామంటే ఇయ్యలా. మోగితే ఎత్తుతాండా. నేను ముందు పలకను. అందుకే నీకు జవాబు రాలేదు, కోపం పెట్టుకోవద్దు బిడ్డా. చెన్నకేశవులు ఆ పిడి ఎందుకు తిప్పినాడో అప్పుడు పిల్లదాన్ని, తెలీలా.

ఆ రాత్రి ముగ్గురం లాంతరు పట్టుకొని ఎగవకు పోయినాం. గుడిసెలో చెవిగొట్టం కొక్కేనికి తగిలిచ్చే ఉండాది. దుమ్ములో మీ తాత అడుగులుండాయి, వచ్చినవీ పోయినవీ. ఎగవ నుంచి దిగిన ఒట్టికాళ్ళ అడుగులుండాయి, గుడిసెదాకా. ఆడికే, బయటికి వచ్చినవి లేవు. నాయన శానాతూర్లు పిలిచినాడు. మూడు కాదు, గొంతు పోయేదాకా పిలిచినాడు.

తెల్లారిందాకా ఎతికినా చెన్నకేశవులు యాడా లేడు.